హాక్స్‌బరీ నదిలో చిన్న బోటు మీంచి తేలిక గాలంతో ఫ్లాట్‌హెడ్ పట్టడం ఎలా

ఫ్లాట్‌హెడ్ చేపని మొదటిసారి చూసినవాళ్లు దాదాపు అందరూ ఒకే మాట అంటారు, "దీని తల మీంచి లారీ గానీ వెళ్లిందా?" అని. తల అప్పడంలా అణిగి ఉంటుంది. కళ్లు నడినెత్తిన. నోరు ఈ చెంప నుంచి ఆ చెంప దాకా. వెనక్కి పోయేకొద్దీ ఒళ్లు సన్నబడుతుంది. పైన ఇసుక రంగు, గోధుమ మచ్చలు, కింద తెల్లటి పొట్ట. ఇసుకలో కూరుకుని పడుకుందంటే కళ్లు తప్ప ఏమీ కనపడవు.

దీన్ని పట్టే పద్ధతంతా ఆ ఆకారంలోనే ఉంది. నేలకి అతుక్కుని ఉంటుంది కాబట్టి ఎర నేల దగ్గరే తిరగాలి. కళ్లు పైకి ఉన్నాయి కాబట్టి ఎర నేల మీంచి లేస్తూ దిగుతూ కనపడాలి. తిండి కోసం ఊరంతా తిరిగే రకం కాదు, దారి కాచి పట్టే రకం. కాబట్టి అది కాపు కాసిన చోటికి మనమే వెళ్లాలి. తేలిక గాలం అనేది షోకు కోసం కాదు. దారం సన్నగా, రాడ్ తేలిగ్గా ఉంటే ఎర నేలని తాకిన ప్రతిసారీ మీ వేలికి తెలుస్తుంది. ఆ తాకిడి తెలియకపోతే మీరు ఫ్లాట్‌హెడ్ కోసం గాలం వేస్తున్నట్టు కాదు, నీళ్లలో ప్లాస్టిక్ ముక్క ఉతుకుతున్నట్టు.

సిడ్నీకి ఉత్తరాన హాక్స్‌బరీలో మనకి తగిలేది ఎక్కువగా డస్కీ ఫ్లాట్‌హెడ్. ఆస్ట్రేలియా తూర్పు తీరం పొడుగునా నదుల మొగల్లో, ఉప్పునీటి సరస్సుల్లో ఉంటుంది. ఇక్కడి ఫ్లాట్‌హెడ్ రకాల్లో అన్నిటికంటే పెద్దగా పెరిగేది ఇదే, మీటరు దాటినవీ ఉన్నాయి. మామూలుగా చేతికొచ్చేవి 35 నుంచి 55 సెంటీమీటర్ల మధ్య.

ముందు కాగితాల పని

న్యూ సౌత్ వేల్స్‌లో గాలం వేయాలంటే రిక్రియేషనల్ ఫిషింగ్ ఫీజు కట్టాలి. 3 రోజులకి, నెలకి, ఏడాదికి, 3 ఏళ్లకి కట్టుకోవచ్చు. 18 ఏళ్లలోపు పిల్లలకి అక్కర్లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే. పెద్దవాళ్లు కదా అని మినహాయింపు ఉండదు, అది ఇక్కడి పెన్షన్ కార్డుల్లాంటివి ఉన్నవాళ్లకి మాత్రమే. నాన్నగారు సరదాగా రాడ్ పట్టుకున్నా ఆయన పేరు మీద ఫీజు ఉండాలి.

డస్కీ ఫ్లాట్‌హెడ్‌కి ఇప్పుడున్న రూలు: 36 సెంటీమీటర్ల కంటే చిన్నదీ 70 కంటే పెద్దదీ ఉంచుకోకూడదు, మనిషికి రోజుకి 5 మించకూడదు. 2023 చివర్లో మారింది ఇది. అంతకుముందు 10 పట్టుకెళ్లిన రోజులు గుర్తున్నవాళ్లు ఇప్పటికీ గొణుగుతుంటారు. పై హద్దు ఎందుకంటే బాగా పెద్దవన్నీ ఆడవే, ఒక్కోదాని కడుపులో లక్షల్లో గుడ్లుంటాయి. రూళ్లు మారుతుంటాయి కాబట్టి ఫోన్లో ఫిష్‌స్మార్ట్ యాప్ పెట్టుకుని, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. క్వీన్స్‌లాండ్ లెక్క వేరు, విక్టోరియా లెక్క వేరు.

ఇంకొక్క మాట. ప్యారమాటా, హారిస్ పార్క్ వైపు ఉండేవాళ్లు "ఇంటి పక్కనే నది ఉండగా అంతదూరం ఎందుకు" అంటారు. సిడ్నీ హార్బర్ బ్రిడ్జికి పడమటి వైపు పట్టిన చేపలు తినొద్దని ప్రభుత్వమే చెబుతోంది. అడుగు బురదలో డయాక్సిన్లనే విషపు రసాయనాలు ఉన్నాయి. ప్యారమాటా నదిలో సరదాకి పట్టి వదిలేయండి, కూరకి మాత్రం వద్దు.

బోటు

మూడున్నర, నాలుగు మీటర్ల అల్యూమినియం బోటు చాలు. ఇక్కడ టిన్నీ అంటారు. 10 నాట్లు, అంతకంటే వేగంగా నడిపితే బోటు లైసెన్స్ కావాలి. 4 కిలోవాట్లు, అంటే సుమారు 5 హార్స్‌పవర్, ఆపైన ఇంజిన్ ఉంటే బోటుకి రిజిస్ట్రేషన్ ఉండాలి. 4.8 మీటర్ల కంటే చిన్న బోటులో 12 ఏళ్లలోపు పిల్లలు లైఫ్‌జాకెట్ ఎప్పుడూ తీయకూడదు. పెద్దవాళ్లు రాత్రిపూటా, ఒంటరిగా వెళ్లినప్పుడూ తప్పనిసరిగా వేసుకోవాలి. నన్నడిగితే ఇవేవీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, బోటెక్కినవాళ్లంతా వేసుకుని కూర్చోండి. మెరీన్ రెస్క్యూ వాళ్ల యాప్‌లో ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో లాగిన్ చేయండి. పైసా ఖర్చు లేదు.

ఫ్లాట్‌హెడ్ కోసం బోటులో ఉండాల్సిన వస్తువులు నాలుగే: పెద్ద నోరున్న చేతి వల, తడి తువ్వాలు, పొడవాటి ముక్కున్న ప్లయర్స్, కొలబద్ద. వీటిని చేతికందేలా పెట్టుకోండి. చేప తగిలాక డబ్బాల కింద వల వెతకడం అందరం ఒకసారైనా చేసిన పనే.

రాడ్, రీల్, దారం

ఏడడుగుల స్పిన్నింగ్ రాడ్, 2 నుంచి 4 కిలోల రకం. 2500 సైజు రీల్. దానిమీద 6 నుంచి 8 పౌండ్ల బ్రెయిడ్, అంటే సన్నటి పోగులతో అల్లిన దారం. బ్రెయిడ్ చివర, ఎర వైపు, మీటరున్నర ఫ్లూరోకార్బన్ దారం, 12 పౌండ్లు. దీన్ని లీడర్ అంటారు. బ్రెయిడ్ సాగదు, అందుకే నేల తాకిడి సూటిగా చేతికొస్తుంది. మామూలు నైలాన్ దారం రబ్బరులా సాగి సగం కబురు మధ్యలోనే మింగేస్తుంది. డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే రాడ్ మీద కాదు, మంచి బ్రెయిడ్ మీద పెట్టండి.

లీడర్ ఎందుకంటే ఫ్లాట్‌హెడ్ నోట్లో చిన్న చిన్న పళ్లు ఆకురాయిలా ఉంటాయి. బ్రెయిడ్‌ని క్షణంలో కోసేస్తాయి, లీడర్‌ని నెమ్మదిగా అరగదీస్తాయి. రెండిటినీ కలపడానికి డబుల్ యూని ముడి నేర్చుకోండి. కదిలే బోటులో, తడి చేతులతో కూడా వేయగలిగే ముడి అది. బిగించే ముందు ఉమ్మితో తడపండి.

ఎరకి 80 నుంచి 100 మిల్లీమీటర్ల సాఫ్ట్ ప్లాస్టిక్, తోక తెడ్డులా ఊగే రకం. రంగుల గురించి గంటలు మాట్లాడేవాళ్లున్నారు, నేను రెండే ఉంచుకుంటాను: నీళ్లు తేటగా ఉంటే చేపపిల్ల రంగు, మురికిగా ఉంటే ముదురు రంగు. జిగ్‌హెడ్, అంటే తల దగ్గర సీసం గుండున్న గాలపు ముల్లు, దాని బరువు మాత్రం రంగు కంటే పదిరెట్లు ముఖ్యం. రెండు మీటర్ల లోపు నీళ్లలో మూడున్నర గ్రాములు, మూడు నాలుగు మీటర్లలో 7 గ్రాములు, ప్రవాహం గట్టిగా లాగుతుంటే 10. నేలని తాకే వాటిలో అన్నిటికంటే తేలికైనది వాడండి, అంతే లెక్క. ముల్లు 3/0 సైజు. ప్లాస్టిక్‌ని ముల్లుకి గుచ్చినప్పుడు తిన్నగా ఉండాలి. వంకరగా గుచ్చితే నీళ్లలో గిరగిరా తిరిగి దారం మెలికలు పడుతుంది.

డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు రీల్ దారం వదిలే బిగువు, ఒక కిలో దగ్గర పెట్టుకోండి. సూట్‌కేస్ తూచే త్రాసు ఇంట్లో ఎలాగూ ఉంటుంది, దాని కొక్కేనికి దారం తగిలించి లాగి చూడండి. కిలో చూపించే లోపు రీల్ దారం వదలడం మొదలుపెట్టాలి.

రోజు, ఆటుపోట్లు

అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. వసంతం, వేసవిలో గుడ్లు పెట్టడానికి ఇవి మొగ వైపు దిగుతాయి. చలికాలంలోనూ దొరుకుతాయి గానీ బద్ధకంగా, లోతుల్లో ఉంటాయి. పెద్ద వాన పడ్డాక నాలుగైదు రోజులు ఆగండి, పైనుంచి వచ్చే ఎర్రనీటిలో పనికాదు.

నెలకంటే, రోజుకంటే గంట ముఖ్యం. పోటు సగం పైగా తీసేసిన తర్వాత, అంటే ఆటు చివరి రెండు గంటలూ, తిరిగి పోటు ఎక్కే మొదటి గంటా. ఈ మూడు గంటల కోసమే బయల్దేరండి. సిడ్నీ ఆటుపోట్ల పట్టికలు సిడ్నీ హార్బర్‌లోని ఫోర్ట్ డెనిసన్ లెక్కన ఇస్తారు. నదిలో లోపలికి పోయేకొద్దీ ఆ సమయం కొంత ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు మరీ ఎక్కువగా ఎక్కి, మరీ జోరుగా దిగుతాయి. తేలిక గాలానికి ఆ జోరు ఇబ్బంది. అష్టమి నవమి రోజులు మనకి హాయి. అమ్మ క్యాలెండర్ చూసి ముహూర్తం వద్దంటుంది, చేపలకి ఆ పట్టింపు లేదు.

ఆటు చివరే ఎందుకు? మెరకల మీదా, మడ చెట్ల వేళ్లలోనూ తిరిగే చిన్న చేపలూ రొయ్యలూ నీళ్లు తగ్గేకొద్దీ అక్కడ ఉండలేక లోతుకి దిగాలి. దిగే దారులు కొన్నే ఉంటాయి. ఆ దారుల దగ్గరే ఫ్లాట్‌హెడ్ పడుకుంటుంది.

ఇది నేను తెలివితేటలతో తెలుసుకున్నది కాదు. మొదటి ఏడాది, ఆటు వేళ ఒక ఇసుక మెరక మీదికి బోటు తోలి, చేప తగులుతోందన్న సంబరంలో నీటి లోతు చూడటం మరిచాను. చూసేసరికి ఇంజిన్ ఇసుక కోస్తోంది. దిగి నెట్టాను, కదల్లేదు. పది నిమిషాల్లో బోటు పొడినేల మీద ఉంది. పోటు తిరిగొచ్చేదాకా మూడు గంటలు చేసేదేమీ లేక మెరక అంచు వెంబడి నడిచాను. తడి ఇసుకలో అచ్చులు. ఒక్కోటీ మూర పొడవు, ఒకవైపు వెడల్పుగా త్రికోణంలా, రెండోవైపు సన్నగా. ఎవరో చేపల్ని ఇసుకలోకి నొక్కి తీసినట్టు. అవి ఫ్లాట్‌హెడ్‌లు పడుకున్న చోట్లు. మెరక నడిమధ్యన ఒక్కటీ లేదు. అన్నీ అంచున, నీళ్లు జారి లోతులోకి పడే చిన్న కాలవల నోళ్ల దగ్గరే. వెడల్పు వైపు, అంటే తల, మెరక వైపే. వచ్చే తిండికి ఎదురుగా.

కాబట్టి మీరు బోటు ఇరికించుకోకుండానే, ఆటు బాగా తీసిన రోజున ఒకసారి అంచు వెంబడి నడిచి చూడండి. అచ్చులు కనపడిన చోట ఫోన్లో గుర్తు పెట్టుకోండి. నీళ్లున్నప్పుడు అక్కడికి రండి.

చోటు వెతుక్కోవడం

బ్రూక్లిన్‌లో పార్స్‌లీ బే దగ్గర బోటు దింపే ర్యాంప్ ఉంది. అక్కడి నుంచి డాంగర్ ఐలాండ్ చుట్టుపక్కలకీ, మలెట్ క్రీక్, మూనీ మూనీ క్రీక్ వైపుకీ వెళ్లొచ్చు. రైలు వంతెన పక్కన 1889 నాటి పాత వంతెన రాతి స్తంభాలు ఇంకా నిలబడి ఉన్నాయి, చూడ్డానికి బాగుంటాయి. అక్కడ లోతూ ప్రవాహమూ ఎక్కువ, తేలిక గాలం పనిచేసే చోటు కాదు. వంతెన నీడలో యాంకర్ వేసుకుని జ్యూఫిష్ అనే పెద్ద చేప కోసం రాత్రంతా కూర్చునేవాళ్లకి ఆ చోటు వదిలేయండి.

మనకి కావాల్సింది ఒకటి నుంచి నాలుగు మీటర్ల లోతులో ఏదో ఒక "మార్పు". మెరక అయిపోయి లోతు మొదలయ్యే అంచు. ఇసుక, గడ్డి కలిసే గీత. చిన్న కాలవ పెద్ద నీళ్లలో కలిసే నోరు. తేట నీళ్లూ మురికి నీళ్లూ కలిసే చోట నీటి మీద కనపడే గీత. ఆయిస్టర్ తోటల వరసల పక్కన కూడా ఉంటాయి, కానీ అవి ఒకరి జీవనాధారం. వరసల్లోకి దూరకండి, వాటికి తాడు కట్టకండి.

కొట్టుకుపోతూ గాలం వేయడం

యాంకర్ వేసి ఒకేచోట కూర్చోవద్దు. చేప కదలదు, మనమే కదలాలి. అంచుకి ఎగువన ఇంజిన్ ఆపేసి, ప్రవాహంతో పాటు అంచు వెంబడి కొట్టుకుపొండి. బోటు లోతు వైపు ఉండాలి, గాలం మెరక వైపు పడాలి. దీనితో ఇసుకలో ఇరుక్కునే భయమూ ఉండదు, చేపల నెత్తి మీంచి బోటు పోదు.

గాలీ ప్రవాహమూ ఒకేవైపు ఉంటే బోటు పరుగెడుతుంది, ఎర నేలని తాకే సమయమే దొరకదు. అప్పుడు బోటు పక్కనుంచి ఒక బకెట్‌ని తాడుతో నీళ్లలో వదలండి. దీనికోసం గొడుగులాంటి డ్రోగ్‌లు అమ్ముతారు, బకెట్ కూడా అంత పనీ చేస్తుంది.

గాలం బోటు పోతున్న దిక్కుకి, కాస్త మెరక వైపుగా విసరండి. ఇంకా బోటు చప్పుడు వినని చేపకి ఎర ముందు చేరుతుంది. ఎర నీళ్లలో పడగానే రీల్ బెయిల్ (దారం జారకుండా ఆపే తీగ) మూసి, దారం బిగువుగా ఉంచి దిగనివ్వండి. దారాన్నే చూస్తుండండి. బిగువుగా ఉన్న దారం ఒక్కసారి సడలిందంటే నేల తగిలింది.

ఇప్పుడు రాడ్ కొనని గడియారంలో తొమ్మిది నుంచి పదకొండు దాకా రెండుసార్లు చిన్నగా ఎగరేయండి: టక్, టక్. ఎర అడుగో అడుగున్నరో లేస్తుంది. మళ్లీ రాడ్ దించుతూ, మిగిలిన దారం చుట్టుకుంటూ దిగనివ్వండి. నేల తగిలాక రెండు అంకెలు లెక్కపెట్టండి. మళ్లీ టక్, టక్. కొత్తవాళ్లు చేసే తప్పు ఒక్కటే, తొందర. ఎర దిగకముందే మళ్లీ లేపేస్తారు. పది కాట్లలో ఎనిమిది ఎర దిగేటప్పుడే పడతాయి. దిగనివ్వకపోతే ఆ ఎనిమిదీ పోయినట్టే.

కాటు రెండు రకాలు. ఒకటి స్పష్టంగా, తలుపు మీద వేలితో కొట్టినట్టు "టప్". రెండోది మోసం: ఎర లేపబోతే గడ్డి తగిలినట్టు బరువుగా అనిపిస్తుంది. రెండిటికీ జవాబు ఒకటే, రాడ్ గట్టిగా పైకి లాగండి. తప్పిపోతే ఎర బయటికి తీసేయకండి, అక్కడే కిందికి వదలండి. చాలాసార్లు అదే చేప తిరిగొచ్చి కొడుతుంది.

ఒకటి తగిలిందంటే అక్కడ ఇంకా ఉన్నాయని అర్థం. దూరంగా చుట్టు తిరిగి, ఎగువకి వెళ్లి, మళ్లీ అదే దారిన కొట్టుకురండి. మూడుసార్లు ఖాళీగా వచ్చాకే చోటు మార్చండి.

పిల్లలతో వెళ్తే ప్లాస్టిక్ పక్కన పెట్టి నిజమైన ఎర వాడండి. దారంలో జారే చిన్న సీసం గుండు, దాని కింద అరమీటరు లీడర్, సన్నగా పొడవుగా కోసిన మలెట్ చేప ముక్క. బోటు కదులుతుంటే అదే నేల మీద ఈడ్చుకొస్తుంది. వాళ్లు రాడ్ పట్టుకుంటే చాలు. నిజం చెప్పాలంటే చాలా రోజులు నాకంటే వాళ్లకే ఎక్కువ తగులుతాయి.

బోటులోకి తేవడం

ఫ్లాట్‌హెడ్ మొదట పెద్దగా పోరాడదు. బరువుగా, నెమ్మదిగా వస్తుంది. బోటు కనపడగానే అసలు పరుగు మొదలవుతుంది. డ్రాగ్‌ని అప్పుడు బిగించకండి, పోనివ్వండి. రెండు మూడు పరుగులకి అలిసిపోతుంది.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోండి: దాని తల నీళ్ల పైకి రానివ్వకండి. నేను పోగొట్టుకున్న అతి పెద్ద చేప బోటు పక్కకి వచ్చాకే పోయింది. చూద్దామన్న ఆత్రంలో రాడ్ ఎత్తాను. తల గాల్లోకి రాగానే నోరు బార్లా తెరిచి అటూ ఇటూ విదిలించింది. జిగ్‌హెడ్ ఎగిరొచ్చి బోటు అంచుకి తగిలి ఖంగుమంది. రాడ్ కొనని నీటికి దగ్గరగా, పక్కకి పెట్టండి. వలని ముందే నీళ్లలో ముంచి కదలకుండా పట్టుకోండి, చేపని తలవైపు నుంచి అందులోకి నడిపించండి. తోక వైపు నుంచి వలతో తరిమితే అది ముందుకి దూసుకుపోతుంది.

వలలోకి వచ్చాక చేయి పెట్టొద్దు. మొప్పల మూతల ముందు, రెండు చెంపలకీ సూదుల్లాంటి ముళ్లున్నాయి. చేప తల తిప్పి గుచ్చుతుంది. నా బొటనవేలికి ఒకసారి దిగింది. చిన్న గాయమే, రక్తం మాత్రం తువ్వాలంతా అయింది, రాత్రంతా సలిపింది. తడి తువ్వాలు తల మీద కప్పి, పైనుంచి గట్టిగా అదిమి, ప్లయర్స్‌తో గాలపు ముల్లు తీయండి. కాళ్లకి చెప్పులు కాదు, బూట్లు ఉండాలి. బోటు అడుగున ఎగిరే ఫ్లాట్‌హెడ్‌కి మీ పాదం ఎవరిదో తెలియదు.

ముక్కు కొస నుంచి తోక చివరి దాకా కొలవండి. వదిలేయాల్సిందైతే వలలోనే, నీళ్లలోనే ముల్లు తీయడం మంచిది. పెద్దదాన్ని ఫొటో కోసం ఎత్తితే ఒక చేయి పొట్ట కింద ఉండాలి, దవడ పట్టుకుని వేలాడదీయకండి. ఉంచుకునేదాన్ని మెదడులో పొడిచి వెంటనే చంపి, ఐస్, సముద్రపు నీళ్లు కలిపిన పెట్టెలో వేయండి. కొట్టుకుని కొట్టుకుని చచ్చిన చేప రుచి వేరు.

ప్రతి చేప తర్వాత లీడర్ చివరి అడుగు మీద వేలు జరిపి చూడండి. గరుకు తగిలితే అంతమేర కోసేసి మళ్లీ ముడి వేయండి. బద్ధకించిన రోజే పెద్దది వస్తుంది.

ఒడ్డుకొచ్చాక

నీళ్ల మీద గానీ ఒడ్డున గానీ చేపని ముక్కలు చేయకూడదు, సైజు కొలవడానికి వీల్లేకుండా పోతుంది కాబట్టి. పొట్టా మొప్పలూ తీసి శుభ్రం చేయొచ్చు, తలా తోకా ఉండాలి. ఫిల్లెట్ చేసేది ఇంటికెళ్లాకో, ర్యాంప్ దగ్గర చేపలు కోసే బల్ల ఉంటే అక్కడో.

మాంసం తెల్లగా, గట్టిగా, నూనె లేకుండా ఉంటుంది. పులుసులో చెదరదు గానీ కాస్త పొడిగా అనిపిస్తుంది. నా ఓటు వేపుడికే. తలని మాత్రం పారేయకండి, చెంపల్లో ఉన్న మాంసం పులుసుకే పుట్టింది.

రీళ్ల మీద మంచినీళ్లు చల్లి, డ్రాగ్ వదులు చేసి పెట్టండి. ఇంజిన్‌ని మంచినీటితో కడగండి. ఆ రాత్రే ఒక పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకోండి: తేదీ, ఆటు ఎన్ని గంటలకి, ఎంత లోతులో, ఏ బరువుకి తగిలింది. నా పుస్తకంలో మొదటి ఏడాది పేజీలన్నీ "ఏమీ లేదు" అనే ఉంటాయి, ఒక్క పేజీలో మాత్రం "ఇరుక్కున్నాం" అని ఉంది. ఇప్పటికీ ఆటు తీసే వేళ ముందు వెళ్లేది ఆ పేజీలో ఉన్న చోటికే.